ఫోను కలవడం వెనుక లెక్క

హైదరాబాద్ చిక్కడపల్లిలో మా వీధి మలుపు దగ్గర, ఫుట్‌పాత్ మీద నడుము ఎత్తున ఒక ఇనుప పెట్టె ఉంది. ఒకప్పుడు దాని రంగు బూడిద. ఇప్పుడు హాస్టల్ ప్రకటనలు, కోచింగ్ సెంటర్ల కాగితాలు ఒకదాని మీద ఒకటి అంటించగా అట్టకట్టుకుపోయింది. తలుపు ఒక పక్కకు ఒరిగి వేలాడుతోంది. లోపల వందల రాగి తీగలు, జతలు జతలుగా, దువ్వెన ఎరగని జుట్టులా చిక్కుపడి ఉన్నాయి. టెలిఫోన్ పనివాళ్లు ఆ పెట్టెను పిల్లర్ అంటారు. పాతికేళ్ల కిందట మా వీధి మాటలన్నీ దాని గుండానే ఎక్స్ఛేంజికి వెళ్లేవి.

చిన్నప్పుడు ఆ పిల్లర్ ముందు గొంతుక్కూర్చుని పని చేస్తున్న లైన్‌మ్యాన్‌ని అడిగాను, ఇందులో విజయవాడకు వెళ్లే తీగ ఏది అని. మా తాతగారి ఊరు అది. ఆయన తల ఎత్తకుండానే, "విజయవాడ తీగ నీ ఒక్కడికే ఎందుకుంటుంది బాబూ, అది అందరూ వంతులవారీగా వాడుకునేది" అన్నాడు. టెలిఫోన్ వ్యవస్థ గురించి తర్వాత నేను చదివినదంతా ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానంగానే కనిపించింది. ఎన్ని తీగలు, ఎవరికి వంతు, వంతు దొరకకపోతే ఏమి చేయాలి అన్న ప్రశ్నలకు నూట నలభై ఏళ్లకు పైగా వెతుకుతున్న జవాబులే స్విచ్చింగ్, అంటే ఫోన్లను ఒకదానితో ఒకటి కలిపే పని, చరిత్ర.

పది ఇళ్లు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవాలంటే 45 తీగలు కావాలి. వంద ఇళ్లకు 4,950. వెయ్యి ఇళ్లకు 4,99,500. ఇళ్లు పదింతలైతే తీగలు దాదాపు వందింతలవుతాయి. ఫోను మీద గ్రాహం బెల్‌కు పేటెంటు వచ్చిన 1876 నాటి ఫోన్లు ఇలా రెండు చోట్ల మధ్య నేరుగా వేసుకున్న తీగలే. రెండేళ్లు తిరగకుండానే, 1878 జనవరిలో, అమెరికాలోని న్యూ హేవెన్‌లో 21 మంది చందాదారులతో మొదటి వాణిజ్య ఎక్స్ఛేంజి తెరిచారు. అందరి తీగలూ ఒకే గదికి తెచ్చి, ఎవరికి ఎవరు కావాలో అప్పటికప్పుడు కలపడం దాని పని. తెలుగులో మనం ఫోను "కలిసింది", "కలవలేదు" అంటాం కదా, ఈ యంత్రాంగానికి అంతకన్నా సరైన క్రియ ఏ భాషలోనూ ఉండదేమో. నన్నడిగితే ఫోనును కనిపెట్టడం కన్నా ఈ గదిని కనిపెట్టడమే పెద్ద పని.

మన దేశంలో 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో ఎక్స్ఛేంజీలు మొదలయ్యాయి. కలకత్తాలో చందాదారులు 93 మంది. తొలినాళ్లలో నంబర్లు లేవు. పేరు చెబితే ఆపరేటర్ కలిపేది. 1879లో అమెరికాలోని లోవెల్ పట్టణంలో తట్టు వ్యాధి వ్యాపించినప్పుడు, ఉన్న ఆపరేటర్లంతా మంచాన పడితే కొత్తవాళ్లకు ఎవరి తీగ ఎక్కడుందో ఎలా తెలుస్తుందని ఒక డాక్టరుకు భయం వేసిందట. పేర్లకు బదులు అంకెలు పెట్టమని ఆయనే సలహా ఇచ్చాడని చెబుతారు. మన ఫోను నంబరుకు మూలం అలా ఒక అంటువ్యాధి భయంలో ఉంది.

ఊళ్ల మధ్య మాత్రం ఆపరేటర్ల కాలం చాలా ఏళ్లు సాగింది. ట్రంకాల్ బుక్ చేసి గంటల తరబడి ఎదురుచూసిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు తరగతులు. అర్జెంట్‌కు రెండింతలు, లైట్నింగ్‌కు ఎనిమిదింతలు ఛార్జి. పెళ్లి కుదిరిన కబురు ఆర్డినరీలో, చావు కబురు లైట్నింగ్‌లో వెళ్లేది. ఊళ్ల మధ్య ఉన్న తీగలు కొన్నే. వాటికోసం నిలబడిన వరుసలో ముందుకు జరగడానికి కట్టే రుసుమే ఆ ఎనిమిదింతలు.

ఆపరేటర్ చేతిలోని పనిని యంత్రానికి అప్పగించినవాడు ఇంజనీరు కాడు. అమెరికాలోని కాన్సస్ సిటీలో అంత్యక్రియల వ్యాపారం చేసుకునే ఆల్మన్ స్ట్రోజర్. పోటీ వ్యాపారి ఇంటి మనిషి ఆపరేటర్‌గా ఉండి, తనకు రావలసిన కాల్స్‌ను అటు మళ్లిస్తోందని ఆయన అనుమానం. నిజమో కాదో గానీ, ఆ కోపంలోంచి పుట్టిన యంత్రానికి 1891లో పేటెంటు వచ్చింది. 1892లో ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్‌లో మొదటి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి నడిచింది. మన దేశంలో సిమ్లాలో 1913-14లో 700 లైన్లతో మొదటిది వచ్చింది.

స్ట్రోజర్ పద్ధతి కాస్త వివరంగా చూడాలి. తర్వాతి యంత్రాల్లో కనబడకుండా దాక్కున్నదంతా ఇందులో కంటికి కనిపిస్తుంది. గుండ్రటి డయల్ మీద 5 తిప్పి వదిలితే, అది వెనక్కి వచ్చేటప్పుడు లైనులో కరెంటును ఐదు సార్లు తెంచి కలుపుతుంది, సెకనుకు పది చొప్పున. సున్నాకు పది సార్లు. సున్నా 9 తర్వాత ఉండేది అందుకే. ఎక్స్ఛేంజిలో ఆ తెంపుల్ని అందుకునేది సెలెక్టర్ అనే పరికరం. దాని ముందు అర్ధచంద్రాకారంగా వంగిన పది వరుసలు, వరుసకు పది కాంటాక్టులు, అంటే తీగలు తగిలే చోట్లు. చివరి సెలెక్టర్ దగ్గర పని సులువు. మీరు 4 తిప్పితే సెలెక్టర్ చేయి నాలుగో వరుసకు ఎక్కుతుంది, 7 తిప్పితే ఆ వరుసలో ఏడో కాంటాక్టు మీదికి జరుగుతుంది. 47వ నంబరు ఇల్లు అక్కడుంటుంది.

దానికి ముందుండే గ్రూప్ సెలెక్టర్ల సంగతి వేరు. అవి మీ అంకె ప్రకారం పైకి ఎక్కుతాయి. పక్కకు తిరగడం మాత్రం మీ చేతిలో లేదు. ఆ వరుసలోని పది దారుల్లో ఖాళీగా ఉన్నదాన్ని యంత్రమే తడుముకుంటూ పట్టుకుంటుంది. పదీ నిండి ఉంటే బిజీ టోను వినిపిస్తుంది. మీరు పిలిచిన మనిషి ఖాళీగానే కూర్చుని ఉండవచ్చు, మధ్యలో దారే లేదు. లైన్‌మ్యాన్ చెప్పిన వంతు ఇక్కడే మొదలవుతుంది.

ఈ పద్ధతిలో నంబరు అంటే యంత్రానికి ఒకదాని తర్వాత ఒకటిగా ఇచ్చే ఆదేశాల వరుస. ఊరి పటాన్ని అంకెల్లో మడతపెట్టి ఇచ్చినట్టు. సెలెక్టర్లు పోయి ఎన్నేళ్లయినా ఆ మడతల గుర్తులు హైదరాబాద్ ల్యాండ్‌లైన్ నంబర్లలో మిగిలాయి. సికింద్రాబాద్ వైపు నంబర్లు 27తో, పాతబస్తీ వైపు 24తో, సైఫాబాద్, అమీర్‌పేట వైపు 23తో మొదలవుతాయి. ముందున్న 2 తర్వాత చేరినది. ప్రైవేటు కంపెనీలు ల్యాండ్‌లైన్ రంగంలోకి వచ్చాక ఎవరి ఎక్స్ఛేంజో మొదటి అంకెతోనే తెలియాలని బీఎస్ఎన్ఎల్‌కు 2, రిలయన్స్‌కు 3, ఎయిర్‌టెల్‌కు 4, టాటాకు 6 ఇచ్చారు. ఏడంకెల నంబర్లు అప్పుడే ఎనిమిదంకెలయ్యాయి.

అయితే వరుసకు పది దారులు సరిపోతాయని ఎవరు చెప్పారు? కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పని చేసిన ఎ.కె. ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు 1909లోనూ 1917లోనూ ప్రచురించిన పత్రాల్లో దీన్ని లెక్కగా మార్చాడు. ఒక లైను గంటసేపు పూర్తిగా నిండి ఉంటే అది ఒక ఎర్లాంగ్. రోజులో అన్నిటికన్నా రద్దీ గంటలో ఒక్కో ఇల్లు సగటున ఆరు నిమిషాలు మాట్లాడుతుందనుకుందాం. వంద ఇళ్లకు 10 ఎర్లాంగ్‌లు. నూటికి ఒక కాల్‌కు మించి విఫలం కాకూడదంటే ఆయన సూత్రం ప్రకారం 18 దారులు కావాలి. మరి వెయ్యి ఇళ్లకు? 180 అనిపిస్తుంది. కాదు, 117 చాలు.

ఈ రెండు సంఖ్యల మధ్య తేడాలోనే టెలిఫోన్ వ్యవస్థ ఆకారమంతా ఉంది. వంద ఇళ్లకొక కట్ట చొప్పున పది కట్టలు వేస్తే 180 దారులు. అందరినీ ఒకే కట్టలోకి తెస్తే 117. మందిని ఎంత ఎక్కువగా కలిపితే తలకు అంత తక్కువ ఖర్చు. ఒక గుంపు మౌనంగా ఉన్న క్షణంలో ఇంకో గుంపు మాట్లాడుకుంటుంది. చిట్‌ఫండ్ నడిపేవాళ్లకు ఈ తర్కం ఎవరూ నేర్పక్కర్లేదు, అందరికీ డబ్బు ఒకేసారి అవసరం పడదన్న నమ్మకం మీదే అదీ నిలబడుతుంది.

ఎక్స్ఛేంజీలను అంతస్తులుగా ఎందుకు కట్టారో ఇప్పుడు అర్థమవుతుంది. ఇంటి నుంచి తీగ ముందు స్తంభం మీదో గోడ మీదో ఉండే చిన్న డబ్బాకు, అక్కడి నుంచి పిల్లర్‌కు, అక్కడి నుంచి లావుపాటి కేబుల్లో లోకల్ ఎక్స్ఛేంజికి వెళ్తుంది. ఇంతవరకూ తీగ ఇంటికొకటి, పంచుకోవడం లేదు. వంతు మొదలయ్యేది ఎక్స్ఛేంజి గడప దాటాకే. ఊళ్లో రెండు ఎక్స్ఛేంజీల మధ్య రద్దీ ఎక్కువగా ఉంటే నేరుగా ఒక కట్ట వేస్తారు. తక్కువగా ఉంటే విడిగా కట్ట దండగ. ఆ మాటల్ని టాండెం అనే మధ్యస్థ ఎక్స్ఛేంజికి పోగేసి అక్కడి నుంచి పంచుతారు. నేరు దారి నిండిపోయినప్పుడు పొంగిన కాల్స్ కూడా టాండెం వైపే మళ్లుతాయి. ఊరు దాటే కాల్స్ ట్రంక్ ఆటోమేటిక్ ఎక్స్ఛేంజికి చేరతాయి. టెలిఫోన్ వాళ్ల నోట అది టాక్స్. డబ్బు కట్టే ట్యాక్స్‌తో దానికి సంబంధం లేదు గానీ, బిల్లు చూసినవాళ్లకు పెద్ద తేడా తెలిసేది కాదు.

ఛార్జి లెక్క కోసం దేశాన్ని 322 పెద్ద ప్రాంతాలుగా, వాటిలో 2,647 చిన్న ప్రాంతాలుగా విభజించారు. ఎస్‌టీడీ కోడ్‌లు ఈ విభజన మీదే నిలబడ్డాయి. ముందున్న సున్నా, నన్ను ఊరి బయటికి పంపు అని ఎక్స్ఛేంజికి చెప్పే మాట. దాన్ని తీసేస్తే కోడ్, నంబరు కలిపి ఎప్పుడూ పది అంకెలే. హైదరాబాద్‌కు 40, ఆపైన ఎనిమిది. వరంగల్‌కు 870, ఆపైన ఏడు. నిజామాబాద్‌కు 8462, ఆపైన ఆరు. పెద్ద ఊరికి నంబర్లు ఎక్కువ కావాలి కాబట్టి కోడ్ చిన్నది. 1990ల వరకూ హైదరాబాద్ కోడ్ 0842. విజయవాడ 0866, విశాఖ 0891 లాగే 08 కుటుంబంలోనిదే. నగరం పెరిగి కోడ్ కురచ చేయాల్సి వచ్చినప్పుడు 040 దక్కింది, మద్రాసు 044కు పొరుగున చేరాం. పాత దుకాణాల బోర్డుల మీద 0842 కనిపిస్తే నాకు ఇప్పటికీ నడక నెమ్మదిస్తుంది.

ఆపరేటర్ లేకుండా ఊరు దాటే మొదటి ఎస్‌టీడీ మార్గం మన దేశంలో 1960 నవంబరులో లక్నో, కాన్పూర్‌ల మధ్య మొదలైంది. తర్వాత ముప్ఫై ఏళ్లకు అమీర్‌పేట హాస్టళ్ల పిల్లలు రాత్రి పదకొండు దాటాక బూత్‌ల ముందు బారులు తీరేవారు, అప్పుడు పావు ఛార్జి కదా. అది టెలిఫోన్ శాఖవారి దయ కాదు. దారులన్నీ పగటి రద్దీ గంటకు సరిపడా వేసి ఉంటాయి, రాత్రి ఖాళీగా పడి ఉంటాయి. రద్దీని పగటి నుంచి రాత్రికి తోయడానికి ధరను వాడుకున్నారు. ఆ పసుపు బోర్డుల బూత్‌లు ఎర్లాంగ్ లెక్కనూ తలకిందులు చేశాయి. ఇంటి లైను రద్దీ గంటలో ఆరు నిమిషాలు నిండితే, బూత్ లైను యాభై నిమిషాలు నిండుతుంది. పడమటి దేశాల ఇళ్లను చూసి కట్టిన ఎక్స్ఛేంజికి ఇది ఊహించని బరువు.

యంత్రాల వైపు వస్తే, స్ట్రోజర్ తర్వాత క్రాస్‌బార్ వచ్చింది. నిలువు కడ్డీలు, అడ్డు కడ్డీలు, అవి కలిసే చోట కాంటాక్టు. వంద లైన్ల నుంచి వంద లైన్లకు నేరుగా కలపాలంటే 10,000 కూడళ్లు కావాలి. బెల్ ప్రయోగశాలల ఇంజనీరు చార్లెస్ క్లాస్ 1953లో చూపించిన పద్ధతిలో స్విచ్చిని మూడు అంచెలుగా విడగొడితే 5,700తో సరిపోతుంది, అదీ ఒక్క కాల్‌కు కూడా లోపల అడ్డు రాకుండా. అదే అమరిక ఇప్పుడు డేటా సెంటర్ల లోపలి నెట్‌వర్క్‌ల్లో ప్రాణం పోసుకుంది. 1965లో అమెరికాలోని సకసన్నాలో కంప్యూటర్ ప్రోగ్రామ్‌తో నడిచే పెద్ద ఎక్స్ఛేంజి వచ్చాక కాంటాక్టులకు ఎప్పుడు కలవాలో చెప్పే పని సాఫ్ట్‌వేర్‌ది అయింది.

అసలు మలుపు మాటే అంకెలుగా మారినప్పుడు వచ్చింది. గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 8 బిట్లలో రాస్తారు. సెకనుకు 64,000 బిట్లు. ముప్ఫై మంది గొంతుల్ని ఒకే తీగ మీద పంపడానికి 32 పెట్టెల రైలును ఊహించుకోండి. ముప్ఫైలో ఒక్కొక్కరి కొలత, మిగిలిన రెండింట్లో రైలు క్రమం, కబుర్లు. అలాంటి రైళ్లు సెకనుకు 8,000. ఇప్పుడు ఐదో పెట్టెలోని మనిషి మాటను పదిహేడో పెట్టెకు చేర్చాలంటే తీగలు కలపక్కర్లేదు. వచ్చిన వరుసలో మెమరీలో రాసుకుని, వేరే వరుసలో చదివితే చాలు. కలపడం అంటే చోటు మార్చడం నుంచి క్షణం మార్చడం అయింది.

మన దేశం ఈ డిజిటల్ ఎక్స్ఛేంజీలను ఫ్రాన్సు సహకారంతో కొన్ని తయారు చేసుకుంది. సొంతంగా చేసిన ప్రయత్నం మాత్రం సీ-డాట్‌ది. 1984 ఆగస్టులో, టెలికాం ఇంజనీరు శామ్ పిట్రోడా చొరవతో పుట్టిన ఈ సంస్థ రెండేళ్లలో 128 లైన్ల గ్రామీణ ఎక్స్ఛేంజిని చేసి, 1986 జులైలో కర్ణాటకలోని కిట్టూరులో నిలబెట్టింది. విదేశీ యంత్రాలకు ఏసీ గది లేకపోతే ప్రాణం పోయినట్టుండేది. ఇది ఎండలోనూ దుమ్ములోనూ ఏసీ లేకుండా పని చేసింది. మన పల్లెలకు ఎస్‌టీడీ రావడంలో ఈ చిన్న పెట్టె పాత్రను తగినంతగా చెప్పుకోలేదని నా ఫిర్యాదు.

అదే కాలంలో కబురుకూ మాటకూ విడాకులు జరిగాయి. పాత పద్ధతిలో నంబరు కబురూ మాటా ఒకే దారిలో వెళ్లేవి. అవతలి ఫోను బిజీగా ఉందన్న సంగతి తెలుసుకోవడానికి కూడా దారంతా ఆక్రమించాల్సి వచ్చేది. ఏడో నంబరు సిగ్నలింగ్ అనే పద్ధతిలో కబుర్లకు విడిగా ఒక నెట్‌వర్క్ వేశారు. మాట దారి ఊరికే నిండటం తగ్గింది. కానీ అన్ని ఎక్స్ఛేంజీలూ ఒకదానితో ఒకటి కబుర్లాడుకునేచోట చెడు కబురు కూడా అంతే వేగంగా పాకుతుంది. 1990 జనవరి 15న న్యూయార్క్‌లోని ఒక ఎక్స్ఛేంజి చిన్న లోపంతో ఆగి, తేరుకుని, "నేను వచ్చేశాను" అని పొరుగువాటికి చెప్పింది. ఆ కబురు అందుకునే ప్రోగ్రామ్‌లో ఒక తప్పు ఉండటంతో పొరుగువి ఆగాయి, తేరుకున్నాయి, తమ పొరుగువాటికి అదే చెప్పాయి. అమెరికా ఫోను కంపెనీ ఏటీ అండ్ టీ దూర ఎక్స్ఛేంజీలు 114కూ ఈ జబ్బు అంటుకుని తొమ్మిది గంటలపాటు నెట్‌వర్క్ తలకిందులైంది. తట్టు వ్యాధికి భయపడిన ఆ డాక్టరు ఊహించింది మనుషుల సంగతే.

కబుర్ల నెట్‌వర్క్ విడిగా లేకపోతే సెల్‌ఫోను సాధ్యమయ్యేది కాదు. ల్యాండ్‌లైన్ నంబరు ఒక చోటు. సెల్ నంబరు ఒక పేరు మాత్రమే. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మీరు ఒకరికి ఫోన్ చేస్తే వారు పటాన్‌చెరులో ఉన్నారో పాట్నాలో ఉన్నారో నంబరు చెప్పదు. అందుకే ప్రతి చందాదారు ప్రస్తుతం ఏ ప్రాంతపు ఎక్స్ఛేంజి పరిధిలో ఉన్నారో రాసిపెట్టుకునే చిట్టా ఒకటి ఉంటుంది. ఫోను జేబులో ఊరికే పడి ఉన్నా, ఊరు మారినప్పుడల్లా తన ఆచూకీ ఆ చిట్టాకు చెబుతూనే ఉంటుంది. 2011 జనవరి 20 నుంచి దేశమంతటా నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే వీలు వచ్చాక, నంబరు ఏ కంపెనీదో కూడా అంకెల్ని చూసి చెప్పలేం. దానికి ఇంకో చిట్టా. అన్నట్టు, టెలికాం లైసెన్సుల పటంలో రెండు తెలుగు రాష్ట్రాలూ ఇప్పటికీ ఒకే సర్కిల్.

ఇప్పుడు నాలుగో తరం ఫోన్లలో మాట 20 మిల్లీసెకన్ల ముక్కలుగా తరిగి, ప్యాకెట్లలో వెళ్తోంది. దారి ఎవరికీ ప్రత్యేకించి ఉండదు. మీ మాట ముక్క పక్కనే ఎవరిదో వీడియో ముక్క. బీఎస్ఎన్ఎల్ కూడా పాత డిజిటల్ ఎక్స్ఛేంజీల స్థానంలో ప్యాకెట్లతో పని చేసే యంత్రాలు పెట్టుకుంది. అందరూ ఒకేసారి మాట్లాడరన్న ఎర్లాంగ్ పందెం ముగిసిందని కొందరంటారు. నాకు అలా తోచదు. ఇప్పుడు అందరం ఒకేసారి ఎగబడితే బిజీ టోను రాదు, మాట నత్తిగా వస్తుంది, అంతే తేడా. పైగా మాట ముక్కలు వీడియో గుంపులో నలిగిపోకుండా టవర్ దగ్గర వాటికి కొంత సామర్థ్యం విడిగా కేటాయిస్తారు. పాత దారి దొడ్డిదారిన మళ్లీ వచ్చిందన్నమాట.

ఒక్క విషయంలో మాత్రం రాగి తీగకు సాటి రాలేదు. ఎక్స్ఛేంజిలో 48 వోల్టుల బ్యాటరీల గది ఉంటుంది. ఇంటి ఫోనుకు కరెంటు ఆ తీగలోంచే వచ్చేది. వానకు వీధి మొత్తం చీకటైనా రిసీవర్ ఎత్తితే డయల్ టోను ఉండేది. ఫైబర్ వచ్చాక ఇంట్లో మోడెం పెట్టెకు కరెంటు మనమే ఇవ్వాలి.

మా ఇంటికి ఫైబర్ వేసిన రోజున పాత తీగ తొలగించడానికి ఒక లైన్‌మ్యాన్ వచ్చాడు. పిల్లర్ తలుపు లోపలి వైపు పెన్సిల్‌తో రాసిన జాబితా చూపించాడు. ఇంటి పేర్లు లేవు, జతల అంకెలే. "మీది 43 సార్" అని ఆ జతను వెతికి, రెండు తీగల కొసలూ మెలిపెట్టి, కత్తిరించకుండా పక్కకు వంచి వదిలేశాడు. తీసేయరా అని అడిగాను. "ఉండనివ్వండి సార్, ఎవరికైనా పనికొస్తుందేమో" అన్నాడు.